అతుకుల బొంత అనకండి!

ఎదుటివాళ్లు చేసిన పనిని ఒక్కమాటతో తీసిపారెయ్యాలంటే మన భాషలో మాటలకి కరువు లేదు. అందులో ‘అతుకుల బొంత’ ఒకటి. నవల నచ్చకపోతే అతుకుల బొంత. సినిమా నచ్చకపోతే అతుకుల బొంత. ఇప్పుడీ మాట పిల్లలు చేసుకునే బొమ్మలదాకా దిగింది. ఓ పెట్టెలో వచ్చిన విమానం చక్రం ఊడదీసి ఇంకో పెట్టెలో వచ్చిన బండికి అతికించాడనుకోండి, ‘‘బంగారంలాంటి సెట్టు పాడుచేశావు గదరా!’’ అని తండ్రి కేకలు. సంక్రాంతి కొలువులో కొండపల్లి అంబారీ ఏనుగు పక్కన ప్లాస్టిక్ జీపు పెట్టిందనుకోండి, ‘‘కొలువా ఇది, సంతా?’’ అని పేరంటానికొచ్చిన పెద్దావిడ ముక్కుమీద వేలు.

నేనడిగేదొక్కటే. ఈ సెట్టు అన్నది అంత పవిత్రమైన పదార్థం ఎప్పటినించి అయింది? ఎవరో కంపెనీవాడు ఎక్కడో కూచుని, ఏ ముక్క దేనికి అతకాలో నిర్ణయించి, పెట్టెమీద రంగుల బొమ్మ అచ్చువేసి అమ్మితే, ఆ బొమ్మకి మన పిల్లవాడు జీవితాంతం కట్టుబడి ఉండాలా?

ఈ సరదా తెలియనివాళ్లకోసం రెండు ముక్కలు చెప్పాలి. నిజం వస్తువుని లెక్కప్రకారం చిన్నది చేసి నిలబెట్టడం స్కేలు మోడలు. 1/72 స్కేలంటే డెబ్భైరెండో వంతు. ఆరడుగుల మనిషి సరిగ్గా అంగుళం అవుతాడు. మన దొడ్లో అరవై అడుగుల కొబ్బరిచెట్టు పది అంగుళాలవుతుంది. అదే 1/35 స్కేలైతే మనిషి రెండంగుళాల పైచిలుకు. ఈ లెక్కన తయారుచేసిన ప్లాస్టిక్ ముక్కలు, ఏది ఎక్కడ అతకాలో చెప్పే కాగితం ఒక పెట్టెలో పెట్టి అమ్ముతారు. అది కిట్టు. ఇంగ్లండులో 1939లో మొదలైన ఎయిర్‌ఫిక్స్ కంపెనీ 1949లో ఫెర్గూసన్ ట్రాక్టరు, 1952లో గోల్డెన్ హైండ్ ఓడ చేసి అమ్మింది. అక్కణ్ణించి ఇళ్లల్లో బల్లలనిండా విమానాలే. ఒక కిట్టు ముక్కలు ఇంకో కిట్టులో కలిపి, ఏ పెట్టెమీదా లేని మూడో వస్తువు తయారుచెయ్యడానికి వాళ్లు పెట్టుకున్న పేరు కిట్‌బాషింగ్. పేరు మోటుగా ఉంది గానీ పని మోటుది కాదు.

ఆ మాటకొస్తే ఎయిర్‌ఫిక్స్‌కి ముందే, 1901లో, ఫ్రాంక్ హార్న్‌బీ అనే ఆయన మెకానోకి పేటెంటు తీసుకున్నాడు. మన పిల్లలు ఆడుకునే మెకానిక్స్ సెట్టు ఆ జాతిదే. చిల్లులున్న ఇనపరేకులు, మరలు, చక్రాలు. చిల్లుకీ చిల్లుకీ మధ్య దూరం ఎప్పుడూ అర అంగుళమే. ఎందుకలా పెట్టాడు? ఏ ముక్కనైనా ఏ ముక్కకైనా బిగించుకోవచ్చని! ఇవాళ క్రేను, రేపు వంతెన, ఎల్లుండి ఇంకేదో. అంటే కలపడం పిల్లల కోతిచేష్ట కాదు, బొమ్మ చేసినవాడి ఉద్దేశమే అది.

మనకి మాత్రం ఈ విద్య కొత్తా? వేసవికాలం ముంజెలు తిన్నాక పిల్లలేం చేస్తారు? రెండు బుర్రలకి ఒక పుల్ల గుచ్చి, పంగలకర్ర తగిలించి, బండి తోలుకుంటూ ఊరంతా తిరుగుతారు. తాటిచెట్టు ఇచ్చిన చక్రాలు, కంచె ఇచ్చిన కర్ర. ఏ కంపెనీవాడూ ఆ రెంటినీ ఒకే పెట్టెలో పెట్టి అమ్మలేదు. ఆ పిల్లవాణ్ణి ‘ముంజెకాయ సెట్టు పాడుచేశావురా’ అని ఎవరూ తిట్టరు. అదే వాడు డబ్బుపెట్టి కొన్న కిట్టుని ముట్టుకుంటే మనకి గుండె గుభేలుమంటుంది. అంటే మన బాధ కళగురించి కాదన్నమాట. ధరగురించి!

‘‘ధరమాట సరేనమ్మా, స్కేలుమాట ఏవిటి?’’ అంటారు తెలిసినవాళ్లు. వాళ్లని కాదని తోసెయ్యను. అది అడగవలసిన ప్రశ్నే. దానికి జవాబు ఓ పిల్లవాడు చేసి చూపించాడు. 

ఒక బడిలో సైన్సు ఎగ్జిబిషను పెట్టారు. ఊరిపేరు, బడిపేరు అనవసరం, మన కోనసీమలోనే. మా మేనల్లుడు గోదావరి పంటు చేశాడు. సఖినేటిపల్లి రేవులో ఎక్కి నర్సాపురంలో దిగినవాళ్లకి, కోటిపల్లి నించి ముక్తేశ్వరం వెళ్లినవాళ్లకి పంటంటే చెప్పక్కర్లేదు. మిగతావాళ్లకి చెబుతున్నాను. రెండు పెద్ద పడవల్ని పక్కపక్కన పెట్టి, పైన బల్లలు బిగించి, మోటారుసైకిళ్లూ కార్లూ మనుషులూ అన్నిటినీ ఎక్కించుకుని ఏరు దాటిస్తారు.

గల్ఫ్ నించి వచ్చిన చుట్టాలు వాడికి మూడు కిట్లు తెచ్చారు. రెండు యుద్ధనౌకలు, రెండూ వేరే వేరే కంపెనీలవి. మూడోది సైనికుల జీపు. వాడు ఓడల ఫిరంగులూ పొగగొట్టాలూ తీసేసి, అడుగుభాగాలు మాత్రం ఉంచాడు. ఒకటి పొడుగైతే కోసి సమానం చేశాడు. మరీ సన్నగా ఉన్నాయని పక్కలకి అట్ట అంటించి బొద్దుచేశాడు. పైన ఐస్‌క్రీం పుల్లలతో బల్లలు పరిచాడు. జీపుకి తెల్లరంగు వేసి పంటెక్కించాడు. సైనికుడి చేతిలో తుపాకీ ఆకురాయితో అరగదీసి, కొబ్బరి ఈనె గెడగా పెట్టి, పల్చటి కాగితంతో పంచె కట్టి, సరంగుని చేశాడు. తుపాకీ పోయి గెడ వచ్చింది. నన్నడిగితే ఆ ఒక్క మార్పుకే బహుమతి ఇవ్వచ్చు.

ఇక స్కేలు సంగతి. ఆ ఓడల కిట్లు 1/700 స్కేలువి. పది అంగుళాల ముక్క ఆ లెక్కన దాదాపు 580 అడుగుల నౌక. ఆ ముక్కమీదే 1/35 సైనికుణ్ణి నిలబెట్టండి. ఇప్పుడది 29 అడుగుల పడవ! ప్లాస్టిక్ అదే, అంగుళాలవే. మారిందల్లా పక్కన నిలబడ్డ మనిషి. ముక్కకి దానంతట దానికి స్కేలు లేదు. మనిషి వచ్చి పక్కన నిలబడ్డప్పుడు వస్తుంది. పుస్తకం చదివి చెప్పవలసిన ఈ సంగతిని పదమూడేళ్లవాడు చేత్తో కనుక్కున్నాడు.

పరీక్షించడానికి వచ్చినాయన అటూ ఇటూ తిప్పి చూసి, ‘‘ఏరా, ఇది ఏ కిట్టురా?’’ అన్నారు.

‘‘కిట్టు కాదండి. మూడు కిట్లు కలిపేనండి.’’

‘‘అదే చెబుతున్నా. ఒకదానికొకటి స్కేలు లేదు. అతుకుల బొంతలా ఉంది’’ అని ముందుకి వెళ్లిపోయారు.

మొదటి బహుమతి పక్కబల్లమీద సౌరకుటుంబానికి వచ్చింది. పెట్టెలోంచి తీసి, కాగితం చూసి, చెప్పినచోట చెప్పిన గోళం గుచ్చిన సౌరకుటుంబం. సూర్యుడు బత్తాయిపండంత, గురుడు నిమ్మకాయంత, భూమి రేగుపండంత. అన్నీ జానెడు జానెడు దూరంలో. స్కేలుకోసం అంత పట్టుపట్టిన పెద్దమనిషి ఇక్కడ లెక్కచూడలేదు పాపం! సూర్యుడి వెడల్పు భూమికి 109 రెట్లు. సూర్యుడు బత్తాయిపండంత ఉంటే గురుడు శనగగింజంత ఉండాలి. భూమి ఆవగింజకన్నా చిన్నది, అదీ ఎనిమిది మీటర్ల అవతల, వరండా దాటి ఎక్కడో ఉండాలి. మరి దానికి స్కేలు ఎవరిచ్చారు? పెట్టె ఇచ్చింది. పెట్టెమీద బొమ్మ ఎలా ఉందో అలాగే ఉంది కాబట్టి అది ‘కరెక్టు’. ఇలాంటి కరెక్టునే నేను కాదంటున్నాను. మనం పిల్లలకి నేర్పుతున్నది కొలతలు కాదు, విధేయత.

పైగా ఒక్కమాట ఆలోచించండి. పంటంటేనే రెండు పడవల్ని కలిపి కట్టినది. దాన్ని ఒకే కిట్టులోంచి చెయ్యమంటే అది పంటు అవుతుందా? నిజమే అతుకైనప్పుడు బొమ్మ అతుక్కాకుండా ఎలా ఉంటుంది?

‘‘మాకు ఖచ్చితం కావాలి. అసలు విమానం ఎలా ఉందో అలాగే ఉండాలి’’ అనే పట్టుదల మనుషులున్నారు. వాళ్లమీద నాకు గౌరవమే. కానీ ఆ ఖచ్చితంకోసం వాళ్లేం చేస్తారో తెలుసా? ఒక కంపెనీ కిట్టులో ముక్కు సరిగ్గా వస్తుంది, రెక్క రాదు. ఇంకో కంపెనీది రెక్క బాగుంటుంది, ముక్కు బాగుండదు. రెండూ కొని, దీని ముక్కుకి దాని రెక్క తగిలిస్తారు! అంటే శుద్ధంగా ఉండాలనేవాళ్లకి కూడా కలపందే కాలం గడవదన్నమాట.

రైలుబొమ్మల సంగతి ఇంకా తమాషా. బ్రిటనులో ఎక్కువమంది ఆడే ఓఓ అనే తరహా రైళ్లు అడుగుకి నాలుగు మిల్లీమీటర్ల లెక్కన చేస్తారు, సుమారు 1/76. అవి నడిచే పట్టాలు మాత్రం 16.5 మిల్లీమీటర్ల వెడల్పు. ఆ వెడల్పు 1/87 స్కేలు రైళ్లకి సరిపోయేది. అంటే పెద్ద రైలుని చిన్న పట్టాలమీద ఎక్కించారు. అసలు రైలుమార్గంతో పోలిస్తే ఏడంగుళాలు ఇరుకైనట్టు లెక్క. దశాబ్దాలుగా ఆ రైళ్లు అలాగే తిరుగుతున్నాయి. పట్టా తప్పిందీ లేదు, ఆడేవాళ్ల ఆనందం తగ్గిందీ లేదు. తెల్లవాడు చేస్తే సంప్రదాయం, మన పిల్లవాడు చేస్తే అతుకుల బొంతా?

సినిమావాళ్లు ఈ విషయంలో మనకన్నా తెలివైనవాళ్లు. 1977లో వచ్చిన స్టార్‌వార్స్‌కి ఆకాశనౌకలు కావలసివస్తే, మోడళ్లు చేసేవాళ్లు ట్యాంకుల కిట్లు, ఓడల కిట్లు, విమానాల కిట్లు గుట్టలుగా కొనుక్కొచ్చి, ఆ ముక్కలన్నీ అతికించి పారేశారు. ప్రపంచమంతా నోరు తెరుచుకుని చూసింది. అంతకి ఇరవయ్యేళ్ల ముందే, 1957లో, మన ‘మాయాబజార్’లో ద్వారకానగరం చూపించారు. బొమ్మ ఇళ్లే అవి. మార్కస్ బార్ట్‌లే కెమెరా వాటిమీద తిరిగితే పట్నం కనిపించింది. ఆ ఇళ్లు ఏ సెట్టులోవని ఏ ప్రేక్షకుడూ అడగలేదు.

మన కొండపల్లి బొమ్మ దగ్గరికి రండి. మనం అదేదో ఏకశిల అనుకుంటాం. కాదు. తెల్లపొణికి కర్రని చెక్కి, ఒళ్లు వేరే, చేతులు వేరే, సామాను వేరే చేసి, చింతగింజల పిండీ రంపంపొట్టూ కలిపిన మక్కుతో అతుకుతారు. పైన సుద్ద పూసి, అతుకు కనపడకుండా ఒక్క తెలుపు చేసి, అప్పుడు రంగులు దిద్దుతారు. కిట్టు ముక్కలు కలిపేవాళ్లు చేసేదీ ఇదే. అన్నీ అతికించాక రంగుకి ముందు ఒకే బూడిదరంగు పూత వేస్తారు. ఆ పూతతో పది పెట్టెల ముక్కలు ఒక వస్తువైపోతాయి. ఇక్కడ చింతగింజ, అక్కడ ప్లాస్టిక్ జిగురు. విద్య ఒక్కటే.

అలాంటి అతుకుల బొమ్మలతో పేర్చే కొలువుకి ‘సెట్టు’ చూడమంటున్నారు ఇప్పుడు. బజార్లో పెళ్లి సెట్టు, పొలం సెట్టు, ఆఖరికి క్రికెట్టు సెట్టు కూడా దొరుకుతున్నాయి. పెట్టె తెరవడం, మెట్టుమీద పెట్టడం, ఫొటో తీసుకోవడం. చేతులకి పనిలేదు, బుర్రకి అంతకన్నా లేదు. ఏటా ఒక కొత్త బొమ్మైనా కొని చేర్చాలని పెద్దలన్నది ఎందుకు? కొలువు ఎప్పటికీ పూర్తికాకూడదని. అమ్మమ్మనాటి కొండపల్లి దశావతారాలు, అమ్మ కొన్న ఏటికొప్పాక లక్కపిడతలు, మనం కొన్న ప్లాస్టిక్ రైలు, పిల్ల చేసిన మట్టి పిల్లి, అన్నీ ఒక్కచోట చేరితేనే అది ఆ ఇంటి కొలువు. లేకపోతే కొట్లో షోకేసు.

ఒక ఇంట్లో కొత్తకోడలు పుట్టింటినించి తెచ్చుకున్న బొమ్మల్ని కిందిమెట్టుమీద విడిగా పెట్టించారు అత్తగారు. ‘‘మా సెట్టులో అవి కలవవమ్మా’’ అన్నారు ఎంతో మర్యాదగా. ఆ పిల్ల తలవంచుకుని పెట్టింది. కలవనివి బొమ్మలేనా అని నాకు అనుమానం వచ్చింది. ఇంటిపేరు మార్చుకుని వచ్చిన పిల్లని కలుపుకోవడం తెలిసినవాళ్లకి ఆమె తెచ్చిన చెక్కచిలకని కలుపుకోవడం ఒక లెక్కా! చిలక పెళ్లికూతురికన్నా పెద్దదైతే వెనకమెట్టుమీద పెట్టండి, దూరం ఆ పెద్దరికాన్ని తగ్గిస్తుంది. ఆ మాత్రం ఉపాయం చెప్పక, కింద కూచోబెట్టడం దేనికి?

కనుమనాడు జగ్గన్నతోట వెళ్లి చూడండి. మొసలపల్లి దగ్గర ఆ కొబ్బరితోటలోకి పదకొండు ఊళ్లనించి పదకొండు ప్రభలు వస్తాయి. ఏ ఊరివాళ్లు వాళ్ల ప్రభ కట్టుకుంటారు. వెదురు, తాటి, కొత్తబట్టలు, రంగుదారాలు, నెమలిపింఛాలు, వరికంకులు. ఒక్కటీ ఒకే పెట్టెలోంచి రాలేదు. ఒక ప్రభ ఇంకో ప్రభలా ఉండదు, ఎత్తూ ఒకటి కాదు. గంగలకుర్రు వాళ్లూ, అగ్రహారం వాళ్లూ భుజాలమీద ప్రభలు మోస్తూ నిండు కౌశికలో దిగి దాటి వస్తుంటే గట్టుమీద జనం ఊపిరి బిగబట్టి చూస్తారు. ఏకాదశ రుద్రులు ఒక్కచోట చేరితే తీర్థం అంటాం గానీ, ‘ఈ పదకొండూ సెట్టు కాదండీ’ అని ఎవరైనా అంటారా? ఆ తీర్థాన్నే బొమ్మకట్టి 2023 గణతంత్ర దినోత్సవంనాడు ఢిల్లీ కర్తవ్యపథ్‌లో మన రాష్ట్ర శకటంగా నడిపించారు. 2025లో ఏటికొప్పాక బొమ్మల వంతు వచ్చింది. శకటం మాత్రం ఏవిటి? బండిమీదకెక్కిన పెద్ద మోడలేగా! 

అలాగని దొరికిందల్లా తెచ్చి గుచ్చెయ్యమని నేననడం లేదు. కలపడం వేరు, కుప్పపొయ్యడం వేరు. కలపడానికి కట్టుబాటుంది. పెట్టె విధించిన కట్టుబాటు కాదు, చేసేవాడు తనకి తను పెట్టుకునేది. ముందు ఒక మనిషిబొమ్మని ఎంచుకోవాలి. ఆ మనిషి ఆ గుమ్మంలో దూరగలడా, ఆ కుర్చీలో కూచోగలడా, ఆ మెట్టు ఎక్కగలడా చూడాలి. ఎక్కలేకపోతే మెట్టు మార్చాలి. ప్లాస్టిక్‌ని కరిగించి అతికే జిగురు చెక్కని పట్టుకోదు. దేనికి ఏది పట్టుతుందో తెలుసుకోవాలి. అతికించేముందు ఒకసారి ఊరికే ఆనించి చూసుకోవాలి. కాగితం చూసి అతికించేవాడికి ఇవేవీ అక్కర్లేదు, కంపెనీవాడే వాడి బదులు ఆలోచించేశాడు. రెండు పెట్టెలు కలిపేవాడు ప్రతి ముక్క దగ్గరా ఆలోచించాలి. కష్టం ఎవరిది ఎక్కువ? బహుమతి ఎవరికి రావాలి?

అందుకని బళ్లల్లో మేష్టార్లకి ఒక మనవి. మీ ఎగ్జిబిషను బల్లమీద మోడలు కనిపిస్తే ‘ఏ కిట్టు?’ అని అడక్కండి. ‘ఈ ముక్క ఇక్కడెందుకు పెట్టావు?’ అని అడగండి. పెట్టెలోంచి వచ్చినదైతే ‘అలా ఉందండి’ అంటాడు. తను చేసినదైతే వదలకుండా పావుగంట చెబుతాడు. ఎవరికి మార్కులెయ్యాలో మీకే తెలిసిపోతుంది.

ఇళ్లల్లో పెద్దవాళ్లకి ఇంకొకటి. ఈసారి పుట్టినరోజుకి పిల్లలకి ఒక పెట్టె కాదు, రెండు వేరువేరు పెట్టెలు కొనివ్వండి. ఖర్చనుకుంటే అటకమీద చెయ్యి విరిగిన కొండపల్లి బొమ్మలూ, చక్రం ఊడిన బస్సులూ ఉంటాయి, అవి దింపండి. సంక్రాంతికి ఇంకా టైముంటే ఆడపిల్లల్నీ మగపిల్లల్నీ కలిపి కూచోబెట్టి, ఓ మెట్టు పూర్తిగా వాళ్లకి వదిలెయ్యండి. దానిమీద ఏం నిలబెడతారో వాళ్లిష్టం. పేరంటానికొచ్చిన పెద్దావిడ ముక్కుమీద వేలేసుకుంటే, రెండు శనగలు ఎక్కువ పెట్టి, పిల్లల్ని పిలిచి ఆవిడకి వివరం చెప్పమనండి.